తలా ఒక డాలర్

1966 ఆగస్టు 23న నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ పశువుల స్టేషన్‌లో విన్సెంట్ లింగియారి వెంట సుమారు 200 మంది గురింజి ఆదివాసీలు పిల్లాపాపలతో సహా పని మానేసి నడిచి వెళ్ళిపోయారు. స్టేషన్ వెస్టీ అనే బ్రిటిష్ కంపెనీది. కూలి పెంచమన్నారు, తర్వాత మా భూమి మాకిమ్మన్నారు. కర్ర ఎత్తలేదు, రాయి విసరలేదు.

మరి తొమ్మిదేళ్ళు ఎలా నిలబడ్డారు? డార్విన్ నుంచి బ్రయన్ మానింగ్ తన బెడ్‌ఫర్డ్ లారీలో సరుకులు తెచ్చాడు. ఓడరేవు కార్మికులు తలా ఒక డాలర్ వేసుకున్నారు.

1975 ఆగస్టు 16న ప్రధాని గాఫ్ విట్లమ్ లింగియారి చేతిలో మట్టి పోసి, లీజు పత్రం ఇచ్చాడు. మరుసటి ఏడాదే నార్తర్న్ టెరిటరీకి ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది.

సమ్మెలో ముందు ఆరిపోయేది పొయ్యే. దాన్ని ఆరనివ్వనివి ఇలాంటి చిన్న చందాలే. మన సంక్షేమ నిధికి ఇచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకుందాం.