అడాప్టరు పేరడుగు యంత్రము

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన పిమ్మట మన కోస్తా పల్లెలకు క్రమముగా విద్యుత్తు వచ్చిన దినములను మీలో పలువురెరుగుదురు. అప్పుడు దీపము తీగను ఏమియు ప్రశ్నింపలేదు. వోల్టేజి హెచ్చిన బల్బు మాడిపోయెడిది. తగ్గిన నిప్పుకణికవలె మినుకుమినుకుమనెడిది. నేడు మీ మనుమల ల్యాప్‌టాప్ అట్టిది కాదు. తనకు విద్యుత్తు తెచ్చిన అడాప్టరును అది మొదట పేరడుగును. జవాబు రాకున్న, అడాప్టరు ఏ రకమో, ఎన్ని వాట్లదో తెలియలేదనియు, బ్యాటరీ నిండకపోవచ్చుననియు తెరమీద హెచ్చరించును. ప్రతిదినము ఒక మీట నొక్కినగాని ముందుకు సాగదు. ఈ అలవాటు ఎట్లు పుట్టినదో మనవి చేసెదను.

అడాప్టరు పని గోదావరి కాలువ క్రింది రైతునకు విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దకాలువ నీటిని తూముతో తగ్గించి బోదెకు విడుచునట్లు, గోడలోని 230 వోల్టుల విద్యుత్తును అది సుమారు 19, 20 వోల్టులకు దించి, అటునిటు మారు ప్రవాహమును ఏకముఖముగా చేసి యిచ్చును. తొషీబా వారి టీ1100 వంటి ల్యాప్‌టాపులు 1985 ప్రాంతమున వెలువడిన తరువాత ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క వోల్టేజి, ఒక్కొక్క ముక్కు అయ్యెను. పొరపాటున ఒకదాని ముక్కు వేఱొకదానికి పట్టెనా, యంత్రమునకే ముప్పు.

1991లో సోనీ వారు లిథియం అయాన్ బ్యాటరీని అంగడికి తెచ్చిరి. అది తేలిక, శక్తి మెండు, లోపమున్న నిప్పంటుకొనును. 2006 ఆగస్టులో డెల్ కంపెనీ సోనీ కణములుగల సుమారు 41 లక్షల బ్యాటరీలను వెనుకకు రప్పించుకొనవలసివచ్చెను. అది అడాప్టరు దోషము కాదు. అయినను ఈ వస్తువు విషయమున భయము వట్టిది కాదని తేలినది.

డెల్ అడాప్టరు ముక్కు నడుమ సూదివంటి పిన్ను ఒకటి కలదు. అది శక్తిని మోయదు. అడాప్టరులోని చిన్న చిప్పు ‘నేను 65 వాట్లదానను’ అనియో, ‘90 వాట్లదానను’ అనియో దాని గుండ చెప్పుకొనును. హెచ్.పి. వారును ఇట్టి నడిమి పిన్నును వాడిరి. మాట అందకున్న యంత్రము నడచును గాని బ్యాటరీని నింపకపోవచ్చును, వేగమును తగ్గించుకొనును. భద్రతకొరకని కంపెనీలందురు, పరాయి సరకు కొననీయకుండుటకని కొన్నవారందురు. రెండును నిజమేయని నా తలంపు. శక్తి చాలని అడాప్టరును గుర్తించుట న్యాయమే. కాని వెంట్రుకవంటి తీగ తెగినంతనే, నిక్షేపముగా విద్యుత్తు నిచ్చు సొంత అడాప్టరును సైతము దొంగగా చూచుట గ్రుడ్డి కాపలా.

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొనెను. 2020లో కరోనావలన చదువులు ఇండ్లకు మరలినపుడు కొల్లేటి లంకలకును ల్యాప్‌టాపులు చేరినవి. నీటిగాలి తగులు చోట పిన్నునకు చిలుము పట్టును. చుట్టి చుట్టి సంచిలో కుక్కిన త్రాడు ముక్కుకడ తెగును. మా బంధువుల పిల్లవాని యంత్రమునకు ఈ హెచ్చరిక రాగా, ఏలూరిలో ఒక దుకాణమువారు లోపలి బోర్డునే మార్చవలెననిరి. ఆ వెల విని తండ్రి చదువే మాన్పింపజూచెను. నేను అదే కంపెనీది, అన్ని వాట్లదే, మరియొక అడాప్టరును అడిగి తెచ్చి తగిలించితిని. హెచ్చరిక మాయమయ్యెను! దోషము త్రాటిదే. ఇట్లు చేసినను పోనిచో త్రాడు దూరు జాకును చూపింపవలెను. పలు నమూనాలలో అది బోర్డునంటక వేఱుగా నుండి కొలది వెలకే మారును. బోర్డు కడపటి మాట. బయాస్ అమరికలలో హెచ్చరికను ఆపు వీలు కొన్నింట కలదు; అది కాపలావాని నోరు మూయుటయే గాని, బ్యాటరీ నిండదు.

2012లో యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతియు, 2014లో ఎటు త్రిప్పినను పట్టు టైప్-సి ముక్కును వచ్చినవి. ఇందు అడాప్టరు తానీయగల వోల్టులను చెప్పును. యంత్రము తనకు తగినదానిని కోరును. ఏలూరు కాలువ లాకులలో రెండు మట్టములు సమమైనపిదపనే పడవ సాగెడిది గదా, ఇదియు నట్టిదే. ఐరోపా సమితి 2022లో చట్టము చేసి, ఫోనులకు 2024 డిసెంబరు 28 నుండియు, ల్యాప్‌టాపులకు 2026 ఏప్రిల్ 28 నుండియు ఈ ముక్కును విధించెను. మన భారతీయ ప్రమాణముల సంస్థయు 2023లో టైప్-సి ప్రమాణమును వెలువరించెను. అయినను పేరడుగుట మానలేదు. 65 వాట్లు కోరు యంత్రమునకు ఫోను అడాప్టరు తగిలించిన, నెమ్మదిగా నిండుచున్నదని నేడును తెరమీద ఫిర్యాదు చేయును.