పద్మిని టాక్సీ వయస్సు

బొంబాయి మహానగరానికి నలుపు, పసుపు రంగుల టాక్సీ దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆనవాలుగా నిలిచింది. తెలుగు జిల్లాల నుండి వచ్చిన రైలు దాదరులో ఆగగానే పెట్టెలు, పరుపు చుట్టలు ఆ టాక్సీ పైనున్న క్యారియరు మీదికి చేరేవి. ఆ టాక్సీలలో అత్యధిక భాగం ఒకే జాతికి చెందినవి: మొదట ఫియట్, తరువాత ప్రీమియర్ పద్మిని. ఒక సాధారణమైన చిన్న కారు ఇంతకాలం, ఇన్ని లక్షల కిలోమీటర్లు ఎట్లా నడిచిందన్నది పరిశీలింపదగిన విషయం.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించారు. దాని కర్మాగారం బొంబాయి శివారైన కుర్లాలో వెలసింది. దేశంలోనే విడిభాగాలు తయారుచేసే సంస్థలనే ప్రభుత్వం ప్రోత్సహించడంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి విదేశీ సంస్థలు 1954 నాటికి ఇక్కడి కార్ల బిగింపు పనిని విరమించుకున్నాయి. ఆ సంవత్సరమే కుర్లాలో ఫియట్ 1100 కార్ల ఉత్పత్తి మొదలైంది. 1974 నుండి అదే కారు చిత్తూరు రాణి పేరిట పద్మిని అయింది. ఇటలీలో 1100 వరుస కార్ల తయారీ 1969లో నిలిచిపోగా, బొంబాయిలో అది మరి మూడు దశాబ్దాల వరకు కొనసాగింది.

ఈ దీర్ఘాయువుకు మొదటి కారణం కరువు. లైసెన్సుల కాలంలో కొత్త కారు కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అందుచేత ఉన్న బండిని కాపాడుకోవడం పొదుపు మాత్రమే గాక అవసరం కూడా అయింది. టాక్సీ విషయంలో ఈ అవసరం ఇంకా తీవ్రం. పగలు ఒకరు, రాత్రి మరొకరు నడపగా బండికి విశ్రాంతి ఉండేది కాదు. అది షెడ్డులో నిలిచిన ప్రతి రోజూ యజమానికీ, డ్రైవరుకూ కూడా కూలి పోయినట్లే.

రెండవ కారణం యంత్రపు సరళత. నాలుగు సిలిండర్లు, 1089 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. ఇందులో ఎలక్ట్రానిక్ పరికరమేదీ లేదు. వీధి పక్కన పనిచేసే మెకానిక్ కొద్దిపాటి పనిముట్లతోనే కార్బ్యురేటరును విప్పి శుభ్రం చేయగలడు. వాల్వుల సందును సరిచేయగలడు. క్లచ్ ప్లేటు మార్చగలడు. సిలిండరు అరిగి ఇంజను నూనె తాగడం మొదలుపెడితే, దానిని యంత్రం మీద కొంచెం పెద్దదిగా తొలిచి, అందుకు తగిన పెద్ద పిస్టన్ వేసేవారు. ఇక తొలిచే వీలు లేనప్పుడు కొత్త స్లీవు దిగగొట్టేవారు. అరిగినదానిని పారవేయక తిరిగి కొలతకు తేవడమే ఈ విద్య సారాంశం. చోర్ బజారులోనూ, కుర్లాలోనూ పాత సామానుల దుకాణాలు ఈ విద్యకు ఆధారమయ్యాయి. చచ్చిన బండి తలుపు, గేరుబాక్సు మరొక బండిలో బ్రతికేవి.

అందువల్ల ఒక చిక్కు ప్రశ్న పుట్టింది. ఇరవై ఏళ్ల టాక్సీలో ఇంజను రెండుసార్లు మారి, తలుపులు మారి, సీట్లు మారి ఉంటే ఆ బండి వయస్సెంత? మెకానిక్ ఒక్కొక్క భాగాన్ని చూసి లెక్క కడతాడు. ప్రభుత్వం రిజిస్ట్రేషను తేదీని చూసి లెక్క కడుతుంది.

ప్రభుత్వపు లెక్కకూ బలమైన ఆధారం లేకపోలేదు. పద్మినికి వేరే చట్రం లేదు, శరీరమే చట్రం. సముద్రపు ఉప్పుగాలికీ, నాలుగు నెలల వానకూ అడుగు రేకు తుప్పు పడితే అతుకు వేయవచ్చును గాని, పూర్వపు బలం రాదు. అరిగిన ఇంజను వదిలే పొగను పీల్చేది దారిన పోయేవారు. 1990వ దశకంలో నగరంలో టాక్సీల సంఖ్య అరవై వేలకు చేరిన వేళ ఇది చిన్న విషయం కాదు. వాయుకాలుష్యంపై బొంబాయి హైకోర్టులో సాగిన వ్యాజ్యం ఫలితంగా 2001 తరువాత పాత టాక్సీలు సహజవాయువుకు మారవలసి వచ్చింది. గ్యాసు సిలిండరు డిక్కీని ఆక్రమించింది. సామాను యావత్తూ నెత్తికెక్కింది. అయినా ఆ అరవై ఏళ్ల నాటి ఇంజను కొత్త ఇంధనంతోనూ నడిచింది.

తరువాత వయఃపరిమితులు వచ్చాయి. 2008లో 25 ఏళ్లు, 2013లో 20 ఏళ్లు దాటిన టాక్సీలను తొలగించాలని నియమం ఏర్పడింది. పద్మిని ఉత్పత్తి 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది. చివరి పద్మిని టాక్సీ తార్‌దేవ్ రవాణా కార్యాలయంలో 2003 అక్టోబరు 29న నమోదైంది. కనుక 2023 అక్టోబరు 30 నుండి ముంబయి వీధులలో పద్మిని టాక్సీ లేదు. సొంతానికి వాడే పద్మినికి ఈ నియమం వర్తించదు. పదిహేనేళ్లు దాటినా పరీక్షలో నెగ్గితే అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగిస్తారు. అంటే అదే కారుకు ఒకచోట తేదీ, మరొకచోట స్థితి ప్రమాణమయ్యాయి.

వేలాది బండ్లను విడివిడిగా, నిష్పక్షపాతంగా పరీక్షించడం కష్టం గనుకనే తేదీని ప్రమాణం చేసుకోవలసి వచ్చింది. నగరవాసుల ఊపిరికి అది మేలు చేసింది. కాని తేదీ చూసి బండిని తుక్కుకు పంపినప్పుడు, చెవితో విని వాల్వు సందును గుర్తించగల చేతిపనివాని విద్యకు కూడా గిరాకీ పోతుంది. పొగను నిలుపవలసినదే. అరిగినదానిని తిరిగి కొలతకు తెచ్చే ఓర్పును నిలుపుకోవలసిన బాధ్యత మాత్రం ఇక పాఠశాలలదీ, వృత్తివిద్యాలయాలదీ.