అమెరికా స్థానిక ప్రైమరీలు: ఓటరు నమోదు చరిత్ర

ప్రైమరీ అంటే అసలు ఎన్నికకు ముందు జరిగే ఎన్నిక. పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో ఇందులో ఓటర్లే తేలుస్తారు. తెలుగు రాష్ట్రాల్లో బీ-ఫారం ఎవరి చేతికి వెళ్లాలో అధిష్ఠానం నిర్ణయిస్తుంది. అమెరికాలో మేయరు, కౌన్సిల్ సభ్యుడు, కౌంటీ షెరీఫ్ వంటి పదవులకు సైతం చాలాచోట్ల ఆ నిర్ణయం ప్రైమరీలోనే జరుగుతుంది. ఒకే పార్టీకి గట్టి పట్టున్న ఊళ్లలో ప్రైమరీ గెలిస్తే పదవి దక్కినట్టే. నవంబరులో జరిగే అసలు పోలింగు లాంఛనమే. అందుకే ప్రైమరీ ఓటర్ల జాబితాలోకి ఎవరిని రానివ్వాలన్నది అక్కడ వందేళ్లకు పైగా నలిగిన వివాదం.

జాబితా, ప్రైమరీ

ఓటర్ల నమోదు ప్రైమరీల కంటే పాతది. మసాచుసెట్స్ 1800లోనే దానికి చట్టం చేసింది. ఆ శతాబ్దం చివరికి ఆ పద్ధతి పెద్ద నగరాల్లో చాలావాటికి పాకింది. దొంగ ఓట్లను ఆపడానికే అని చెప్పారు గాని, పేదలు, కొత్తగా వలస వచ్చిన కార్మికులు చాలామంది జాబితాకు దూరమయ్యారు. భారతదేశంలో జాబితా తయారుచేసే పూచీ ఎన్నికల సంఘానిది. సిబ్బంది ఇంటింటికీ తిరిగి పేర్లు సరిచూస్తారు. అమెరికాలో ఆ పూచీని పౌరుడి మీద పెట్టారు. తర్వాత వచ్చిన అన్యాయాల్లో చాలావాటికి ఇదే దారి ఇచ్చింది.

ప్రైమరీ మొదలైంది స్థానికంగానే. 1842లో పెన్సిల్వేనియాలోని క్రాఫర్డ్ కౌంటీ డెమోక్రాట్లు, పార్టీ పెద్దల సమావేశాన్ని పక్కనబెట్టి, అభ్యర్థుల ఎంపికను సాధారణ సభ్యుల ఓటుకు వదిలారు. 1903లో గవర్నర్ రాబర్ట్ లా ఫాలెట్ పట్టుదలతో విస్కాన్సిన్ దాన్ని రాష్ట్రమంతటికీ వర్తించే చట్టంగా మార్చింది. మిగతా రాష్ట్రాలు త్వరలోనే ఆ బాట పట్టాయి.

టెక్సస్ మహిళలకు ఓటు మొదట ప్రైమరీలోనే దక్కింది. దేశవ్యాప్త హక్కు రావడానికి రెండేళ్ల ముందు, 1918లో, చట్టం అమల్లోకి వచ్చాక నమోదుకు మిగిలిన 17 రోజుల్లో దాదాపు 3,86,000 మంది పేర్లు రాయించుకున్నారు.

తెల్లవారి ప్రైమరీ

అదే టెక్సస్, 1923లో డెమోక్రాటిక్ ప్రైమరీలో నల్లజాతివారు ఓటు వేయరాదని చట్టం చేసింది. అప్పట్లో అక్కడ డెమోక్రాట్లకు ఎదురు లేదు కనుక, ప్రైమరీ నుంచి వెలివేయడమంటే రాజకీయాల నుంచే వెలివేయడం. ఎల్ పాసోకు చెందిన వైద్యుడు లారెన్స్ నిక్సన్ కోర్టుకెక్కగా, 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వెంటనే రాష్ట్రం ఆ అధికారాన్ని పార్టీ కార్యవర్గానికి అప్పగించింది. 1932లో అదీ చెల్లదని తీర్పు వచ్చింది. ఈసారి పార్టీ మహాసభ తనంతట తానే తీర్మానం చేసుకుంది. పార్టీ ప్రైవేటు సంస్థ, సభ్యులు ఎవరో దాని ఇష్టం అంటూ 1935లో కోర్టు దాన్ని సమర్థించింది. ఆ కోర్టు చరిత్రలో సిగ్గుపడాల్సిన తీర్పుల్లో ఇదొకటి.

1944లో ఆ తీర్పు తిరగబడింది. హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన దావాలో న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ వాదించి గెలిచాడు. అయినా ఫోర్ట్ బెండ్ కౌంటీలో 1889లో పుట్టిన జేబర్డ్ సంఘం మరో ఎత్తు వేసింది. ప్రైమరీకి ముందే తెల్లవారితో సొంతంగా ఓటింగు జరిపేది. అందులో నెగ్గినవారే ఆ తర్వాత అన్నిటా నెగ్గేవారు. 1953లో సుప్రీంకోర్టు దానికీ అడ్డుకట్ట వేసింది.

ప్రైమరీ తలుపు తెరిచినా నమోదు గుమస్తా అడ్డు నిలిచాడు. 1962 ఆగస్టులో మిసిసిపీలోని ఇండియనోలాకు నమోదు కోసం వెళ్లిన నల్లజాతి మహిళ ఫ్యానీ లూ హేమర్‌ను రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక విభాగానికి అర్థం చెప్పమన్నారు. చెప్పలేకపోయింది. తిరిగి వచ్చేసరికి పత్తి తోటలో పని, ఉన్న గూడు రెండూ పోయాయి. 1963లో ఆమె పరీక్ష నెగ్గింది. 1964లో డెమోక్రాటిక్ ప్రైమరీలో కాంగ్రెస్ స్థానానికి తానే పోటీకి నిలిచింది. 1965 ఓటు హక్కుల చట్టం ఆ పరీక్షలను దక్షిణాదిలో చాలాచోట్ల నిలిపివేసింది.

నమోదు సులువైన క్రమం

1970లలో మెయిన్, మిన్నెసోటా పోలింగు రోజునే పేరు నమోదు చేసుకోనిచ్చాయి. 1993 నాటి జాతీయ చట్టం డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలోనే నమోదుకు వీలు కల్పించింది. 2002లో అరిజోనా ఆన్‌లైన్ నమోదు తెచ్చింది. నార్త్ డకోటాలో అసలు నమోదే లేదు.

నేటి పద్ధతి

ఇప్పుడు చిక్కంతా నమోదు పత్రంలో పార్టీ పేరు అడిగే గడి దగ్గరుంది. టెక్సస్‌లో నమోదు పత్రంలో పార్టీ ఊసే ఉండదు. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏటికి ఆ పార్టీవారే. కాలిఫోర్నియాలో రాష్ట్ర పదవులకు అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళతారు. న్యూయార్క్‌ది మూసిన ప్రైమరీ. అక్కడ ‘ఏ పార్టీ వద్దు’ అని గడి నింపినవారికి పార్టీ ప్రైమరీలో ఓటు ఉండదు. పార్టీ మార్పుకు ఒకప్పుడు దాదాపు ఏడాది ముందే గడువు ముగిసేది. 1973లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. 2019 సవరణ తర్వాత జూన్ ప్రైమరీకి ఫిబ్రవరి 14 గడువైంది. పోలింగు కేంద్రానికి వెళ్లాక తెలుసుకుంటే చేయగలిగింది లేదు. అందుకే పేరు, చిరునామా, పార్టీ మూడింటినీ ఎన్నికల బోర్డు జాబితాలో నెలల ముందే సరిచూసుకోవాలి. 2021 నుంచి న్యూయార్క్ నగర ప్రైమరీలో ఐదుగురు అభ్యర్థుల వరకు ఇష్టాన్నిబట్టి వరుస క్రమం ఇవ్వవచ్చు.

ఇక మనవారి సంగతికొస్తే, 1946 వరకు భారతీయులు అమెరికా పౌరసత్వానికే అనర్హులు. 1965 వలస చట్టం తర్వాత వెళ్లి స్థిరపడి, పౌరులైన తెలుగువారు ఇవాళ ఈ జాబితాల్లో ఉన్నారు. హెచ్-1బి మీదున్నవారికి, గ్రీన్‌కార్డుదారులకు మాత్రం సాధారణంగా ఓటు హక్కు లేదు. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ వంటి కొద్ది పట్టణాలు నగర ఎన్నికల్లో పౌరులు కానివారికీ ఓటిస్తాయి. ఎక్కడైనా సరే, డ్రైవింగ్ లైసెన్సు పత్రంలో ‘పౌరుడిని’ అన్న గడి పొరపాటున నింపినా వలస హోదాకే ముప్పు రావచ్చు. ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదవాలి.