దిబ్బ మీద ఎత్తైన చోటు

దివిసీమలో కొండ లేదు. బందరులో లేదు, గుడివాడలోనూ లేదు. కొండ చూడాలంటే బెజవాడ దాకా వెళ్లాల్సిందే. అందుకే ఈ నేల మీద ‘మెరక’, ‘దిబ్బ’ అన్న మాటలకి అంత బరువు. మెరక అంటే వాన నీళ్లు నిలవని చోటు, ఇల్లు కట్టుకోదగ్గ చోటు. తుఫానొస్తే గొడ్లని తోలుకెళ్లే చోటు కూడా అదే.

ఎత్తుల గురించిన తగువులన్నీ కొండలవే అనుకుంటాం. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఏదంటే ఒక పుస్తకం అర్మకొండ అంటుంది, ఇంకోటి జిందగడ అంటుంది, చాలా పాఠ్యపుస్తకాలు మహేంద్రగిరి అంటాయి. ఇలాంటి తగువులు తేల్చడానికి ఇప్పుడు లైడార్ అనే లేజర్ సర్వే ఉంది. విమానం నుంచో డ్రోన్ నుంచో సెకనుకి లక్షల లేజర్ మెరుపుల్ని కిందకి వదులుతారు. ఒక్కో మెరుపు తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కకొస్తుంది. ఒకే మెరుపులో కొంత కొబ్బరి మట్ట మీద పడి వెనక్కొస్తుంది, కొంత ఆకుల సందుల్లోంచి దూరి నేలని తాకి వస్తుంది. చెట్లూ ఇళ్లూ తీసేసి చివర తిరిగొచ్చిన వాటిని ఏరుకుంటే వట్టి నేల ఆకారం మిగులుతుంది. మంచి సర్వేలో ఎత్తు తేడా జానెడు కూడా ఉండదు. కొండల్లో ఈ కొలత పరువు సంగతి. డెల్టాలో ప్రాణం సంగతి, చరిత్ర సంగతి కూడా.

పాత సర్వేయర్లకి పల్లపు నేల అంటేనే తలనొప్పి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే 1815 నాటికి గోవా నుంచి బందరు దాకా గీత గీస్తే దానికి దక్షిణంగా ఉన్న నేలనంతా కప్పేసింది. ఆ పద్ధతిలో ఒక ఎత్తు మీద నిలబడి ఇంకో ఎత్తుని చూడాలి. కావేరి డెల్టాలో కొండల్లేక గోపురాల్నే కొండలు చేసుకున్నాడు. 1808లో తంజావూరు గుడి మీదకి ఎక్కిస్తుండగా అర టన్ను బరువున్న థియొడొలైట్ గోడకి కొట్టుకుని దెబ్బతింది. లేజర్‌కి ఆ బాధ లేదు, అది పైనుంచి చూస్తుంది.

పైనుంచి చూసేవన్నీ ఒకటి కావు మరి. 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ రాడార్‌తో ప్రపంచపు ఎత్తుల పటం తయారుచేసింది. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఎన్నో దేశాలు ముంపు లెక్కలకి దాన్నే వాడాయి. కానీ ఆ రాడార్ చాలాచోట్ల చెట్ల తలల్నీ ఇళ్ల కప్పుల్నీ నేలగా లెక్కేసింది. తీరాల్లో ఈ తప్పు మీటర్లలో ఉంటుంది. 2019లో స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ అమెరికా తీరపు లైడార్ కొలతల ఆధారంగా ఆ పటాన్ని సరిచేసి చూశారు. పాత పటం ప్రకారం ఇప్పటి పోటు మట్టం కంటే కింద బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 2 కోట్ల 80 లక్షలు. సరిచేశాక 11 కోట్లు.

దివిసీమలో ఎక్కువ భాగం సముద్రమట్టానికి అయిదారు మీటర్ల లోపే. ఇలాంటి చోట రెండు మీటర్ల తప్పంటే ఊరు మునుగుతుందా లేదా అన్న జవాబే మారిపోతుంది. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన సుమారు 5 మీటర్లు లేచింది. చనిపోయింది పదివేల మందికి పైగా. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబర్ 1 రాత్రి, బందరు ఉప్పెనలో ముప్ఫై వేల మంది దాకా పోయారు. రెండుసార్లూ పారిపోవడానికి కొండ లేదు. 1977 తర్వాత తీరం వెంట స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్లు మనం చేతులతో లేపుకున్న మెరకలు.

అంతకు రెండు వేల ఏళ్ల ముందే ఇక్కడ మనుషులు ఎత్తుల్ని కట్టారు. గుడివాడ, ఘంటసాల, ఏటి అవతల భట్టిప్రోలు: మూడుచోట్లా ఊరి దిబ్బ అనుకున్నది బౌద్ధ స్తూపం. అలెగ్జాండర్ రీ 1892లో భట్టిప్రోలు దిబ్బ తవ్వితే లోపల అక్షరాలు చెక్కిన ధాతు కరండాలు దొరికాయి. గ్వాటెమాలా అడవిలో 2018లో బయటపెట్టిన లైడార్ సర్వే అరవై వేలకు పైగా మాయా కట్టడాల్ని చూపించింది. ఆకుల కింద గుట్టలనుకున్నవి కొన్ని పిరమిడ్లని తేలింది. మన దిబ్బల కథ కూడా అలాంటిదే, కాకపోతే మనవి అడవి కింద దాగలేదు. అందరి కళ్లముందే ఉన్నాయి, అందుకే తరిగిపోయాయి. 19వ శతాబ్దంలో బెజవాడ–బందరు రోడ్డు కోసం గుడివాడ స్తూపాల ఇటుక తవ్వుకుపోయారు. భట్టిప్రోలు పాలరాయి వెల్లటూరు కాలువ లాకు కట్టడంలో కలిసిపోయింది.

లేజర్‌కి హద్దు ఇక్కడే. గుడివాడ దిబ్బ మీద ఈ రోజు అన్నిటికన్నా ఎత్తైన చోటు ఏదో అది జానెడు తేడాలో చెప్పగలదు. ఆ చోటు స్తూపం శిఖరం కాదు, రోడ్డు పనివాళ్లు వదిలేసిన అంచు. అసలు శిఖరం రోడ్డు కింద ఉంది. పైగా నేల కూడా స్థిరంగా లేదు. ఎగువ ఆనకట్టల దగ్గరే ఒండ్రు ఆగిపోవడంతో, కుంగిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న డెల్టాల జాబితాలో కృష్ణని 2009లోనే చేర్చారు. అంటే ఈ రోజు కొలిచిన ఎత్తు పక్కన తేదీ కూడా రాయాలి.

అయినా కొలవాలి. స్తూపాలుగా పేరుపడ్డ దిబ్బలకి కంచె ఉంది, బోర్డు ఉంది. చేల మధ్య పేరు లేని మెరకలకి అవేవీ లేవు. ఇళ్ల స్థలాలకి మట్టి కావాలనగానే మొదట చదునయ్యేవి అవే. వాటిలో ఏది ఒట్టి మట్టికుప్పో, ఏది పాత ఊరో తవ్వితేగాని తెలియదు. కానీ ఏది ఎక్కడ, ఎంత ఎత్తున ఉందో ఇప్పుడే పటం మీదకి ఎక్కితే, రేపు తవ్వేవాళ్లకి చోటు తెలుస్తుంది, ఉప్పెనొస్తే పరిగెత్తేవాళ్లకి దారి తెలుస్తుంది. ట్రాక్టర్లు మట్టి ఎత్తుకుపోయాక ఏ లేజరూ ఆ రెండూ చెప్పలేదు.