పుటలలోను తెరమీదను స్పెయిను దేశము

దేశాటనము విద్యాసాధనములలో నొకటియని పెద్దలు చెప్పిరి. అయితే దేశాటనమునకు ధనము, తీరిక, ఆరోగ్యము మూడును కలసి రావలెను. అట్టి యదృష్టము పదిమందిలో నొకనికైన నుండుట యరుదు. ఆ లోటును తీర్చుటకే యాత్రాగ్రంథములు పుట్టినవి. ఇరువదవ శతాబ్దమున వానికి తోడుగా యాత్రాచిత్రములును వచ్చినవి. గ్రంథాలయములో బల్లకడ గూర్చుండి పుట త్రిప్పిన పాఠకునకు మంచుకొండయు మరుభూమియు నొక్క గడియలో గోచరించును. కాని యొక విషయమును మఱువరాదు. పాఠకుడు ఆ దేశమును మఱియొకరి కన్నులతో చూచుచున్నాడు. ఆ కన్నులు కొన్నింటిని వెలిగించి చూపును, కొన్నింటిని చీకటిలోనే విడిచిపెట్టును. ఈ సత్యమును గ్రహించుటకు స్పెయిను దేశము మంచి నిదర్శనము.

స్పెయిను ఐరోపా ఖండమునకు నైరృతి మూల నున్నది. ఉత్తరమున పిరనీసు పర్వతములు దానిని ఫ్రాన్సునుండి వేఱుచేయుచున్నవి. దక్షిణమున జిబ్రాల్టరు జలసంధి ఇఱుకైన చోట సుమారు 14 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే; ఆవలి యొడ్డు ఆఫ్రికా. దేశమధ్యమున మెసేటా యను విశాలమైన పీఠభూమి కలదు. అచ్చట వేసవి యెండ మాడ్చును, శీతకాలపు చలి వణికించును. ఉత్తర తీరము వానలతో పచ్చగా నుండును. ఆగ్నేయమున అల్మేరియా ప్రాంతము ఎడారిని బోలియుండును. ఈ భూమిమీద రోమనులు, విసిగోతులు, అరబ్బులు, బెర్బరులు, యూదులు తరతరములుగా నివసించిరి. అందుచేత అచ్చటి కట్టడములలో నొక జాతి పనిమీద మఱియొక జాతి పని పొరలుపొరలుగా కనబడును. సెగోవియా నగరమున రోమనులు సున్నము లేకుండ రాతిమీద రాయి పేర్చి కట్టిన నీటివంతెన నేటికిని నిలిచియున్నది.

711లో ముస్లిము సైన్యములు జలసంధిని దాటివచ్చినవి. వారు రాజధానిగా చేసికొన్న కొర్డోబా నగరమున 785 ప్రాంతమున మహామసీదు నిర్మాణము ప్రారంభమయ్యెను. పాత రోమను, విసిగోతు కట్టడముల స్తంభములను తెచ్చి అందు నిలిపిరి. ఇప్పటికిని అందు 850కి పైగా స్తంభములున్నవి; వానిపై ఎఱుపు తెలుపు చారల జంట కమానులు. 16వ శతాబ్దమున ఆ స్తంభముల యడవి నడుమనే క్రైస్తవులు తమ దేవాలయమును కట్టిరి. అదే నగరమున 10వ శతాబ్దమున రెండవ అల్ హకమ్ అను ఖలీఫా గొప్ప గ్రంథాలయమును నెలకొల్పెను. గ్రంథముల పట్టికయే 44 సంపుటములుండెనని అరబ్బు చరిత్రకారులు వ్రాసిరి. ఆయన యనంతరము అధికారము చేజిక్కించుకొన్న అల్ మన్సూర్ అందలి కొన్ని గ్రంథములను కాల్పించెను; పిదప వచ్చిన అంతఃకలహములలో తక్కినవి చెల్లాచెదరైనవి. కొర్డోబాలో రాయి నిలిచినది, పుస్తకము నిలువలేదు.

గ్రనాడా నగరములో ఇందుకు భిన్నమైన కథ జరిగినది. అచ్చట రాయి కూలిపోవుచుండగా పుస్తకము దానిని నిలిపినది. గ్రనాడా ప్రక్కనే సియెర్రా నెవాడా పర్వతములు కలవు. ఆ పేరునకు మంచుకొండలని యర్థము. వానిలో మిక్కిలి యెత్తైన ములాసెన్ శిఖరము ఎత్తు సుమారు 3,480 మీటర్లు. ఆ కొండల కెదురుగా నొక గుట్టమీద నాస్రిద్ వంశపు సుల్తానులు అల్ హంబ్రా అను కోటను, అందు రాజగృహములను నిర్మించిరి. 1238లో ఆ వంశస్థాపకుడైన మొదటి ముహమ్మద్ పని మొదలుపెట్టెను. 14వ శతాబ్దమున యూసుఫ్, ఐదవ ముహమ్మద్ అను ప్రభువుల కాలమున అది సంపూర్ణ వైభవమును పొందెను. పండ్రెండు పాలరాతి సింహములు మోయుచున్న జలయంత్రము, దానిచుట్టు 124 సన్నని స్తంభములు, గోడలపై చెక్కిన అరబ్బు కవితలు చూపఱుల నాకర్షించును. డారో నదినుండి కాలువ త్రవ్వి గుట్టమీదికి నీరు తెచ్చిన పనితనము శిల్పముకంటె తక్కువది కాదు. ఆ నీరు లేనిచో తోటయు లేదు, సింహముల నోట ధారయు లేదు. 1492 జనవరి 2వ తేదీన గ్రనాడా క్రైస్తవ ప్రభువులైన ఇసబెల్లా, ఫెర్డినాండు దంపతుల వశమయ్యెను.

కాలక్రమమున ఆ రాజగృహము దిక్కులేనిదయ్యెను. పేదకుటుంబములు మందిరములలో కాపురముండిరి. 1810 మొదలు 1812 వఱకు నెపోలియను సైన్యములు అందు విడిసి, వెడలిపోవునపుడు అనేక బురుజులను తుపాకిమందుతో ప్రేల్చివేసినవి. ఇట్టి స్థితిలో 1829లో వాషింగ్టన్ ఇర్వింగ్ అను అమెరికను రచయిత వచ్చి కొన్ని నెలలు ఆ మందిరములలోనే నివసించెను. అచ్చటి కాపురస్థులు చెప్పిన కథలను, తాను చూచిన వెన్నెల రాత్రులను, పాత చరిత్రను కలిపి 1832లో అల్ హంబ్రా కథలను ప్రకటించెను. ఆంగ్లేయుడైన రిచర్డు ఫోర్డు మూడేండ్లు స్పెయినులో నివసించి, గుఱ్ఱముమీద దేశము తిరిగి, 1845లో యాత్రికులకొఱకు రెండు సంపుటముల గ్రంథము వెలువరించెను. అంతకు కొలది యేండ్లకు ముందే ఓవెన్ జోన్సు అను శిల్పి అల్ హంబ్రా గోడల నగిషీలను కొలిచి, రంగులతో అచ్చువేసెను. ఇట్లు పుస్తకములమూలమున లోకము చూపు ఆ గుట్టమీద పడెను. యాత్రికులు రాసాగిరి, మరమ్మతులు సాగినవి. 1870లో స్పెయిను ప్రభుత్వము దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.

ఇది గ్రంథము చేసిన మేలు. అయితే ఇర్వింగును చదివివచ్చిన యాత్రికులు పెక్కుమంది స్పెయినులో వెన్నెలను, గిటారును, గజదొంగలనే వెదకిరి. దుక్కి దున్నువానిని, పన్ను కట్టువానిని చూచుటకు వారికి తోచలేదు. ఆ కొఱత తీరవలెనన్న ఆ నేలపై పుట్టినవారి గ్రంథములను చదువవలెను. అందు మొదటిది సెర్వాంటిస్ వ్రాసిన డాన్ క్విక్సోట్. ఆయన ప్రభుత్వ పక్షమున ఊరూర ధాన్యము, నూనె సేకరించెను. పన్నులు వసూలు చేసెను. లెక్కలు సరిపడక 1597లో సెవిల్లా చెఱసాల కేగెను. 1605లో మొదటి భాగము, 1615లో రెండవ భాగము వెలువడిన ఆ గ్రంథమున లా మాంచా మైదానపు దుమ్ము బాటలు, సత్రములు, గాలిమరలు, కంచర గాడిదలవాండ్రు సజీవముగా కనబడుదురు. ఇందలి కొన్ని యధ్యాయములను 1930 తరువాతి యేండ్లలో ఒక అమెరికను గ్రంథసేకర్త కోరికమీద నిత్యానంద శాస్త్రి, జగద్ధర జాడూ అను కాశ్మీర పండితులు ఇంగ్లీషునుండి సంస్కృతమునకు తెచ్చిరి. ఆ యనువాదము చిరకాలము వ్రాతప్రతిగా నుండి 2019లో పూనాలో అచ్చయ్యెను.

బ్లాస్కో ఇబాన్యెస్ 1898లో వ్రాసిన ‘లా బర్రాకా’ నవల వలెన్సియా పల్లెలలోని భూమి తగవులను చిత్రించును. అందు జలన్యాయసభ కనబడును. వలెన్సియా నగరపు పెద్ద దేవాలయము ద్వారముకడ ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు రైతులు తామే యెన్నుకొన్న పెద్దలు కూర్చుండి కాలువనీటి తగవులను తీర్చుదురు. వకీలు లేడు, కాగితము లేదు. వాదమును తీర్పును నోటిమాటగానే సాగును. ఆ కాలువలలో పెక్కు అరబ్బుల కాలమున వృద్ధిచెందినవి. స్పెయిను భాషలో కాలువకు చెప్పు ‘అసేకియా’ అను మాట అరబ్బు మాటయే. బియ్యమునకు చెప్పు ‘అర్రోస్’ అను మాటయు నంతే. 2009లో యునెస్కో ఈ సభను మానవజాతి వారసత్వముగా గుర్తించెను. రాజ్యములు మాఱినవి, మతములు మాఱినవి; నీటి వంతు మాత్రము నిలిచినది.

ఇక చలనచిత్రముల సంగతి. తెర కన్నులకు నేరుగా చూపునది గనుక అబద్ధమాడదని తోచును. కాని 1962లో వచ్చిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చిత్రములో అకాబా పట్టణముగా కనబడినది అల్మేరియా తీరమున కట్టిన కృత్రిమ పట్టణము. కైరోగా కనబడినది సెవిల్లాలోని భవనము. కోట్లమంది స్పెయినును చూచియు, తాము చూచినది స్పెయినని యెఱుగరు.

లూయిస్ బున్యుయేల్ 1933లో తీసిన చిత్రము మఱియొక పాఠము నేర్పును. స్పెయిను పడమటి భాగమున లాస్ ఉర్దెస్ అను కొండపల్లెలు కలవు. 1922లో రాజు స్వయముగా పోయి చూడవలసినంత దారిద్ర్యము అచ్చట నుండెను. బున్యుయేల్ తెరపై కోటలు లేవు, వెన్నెల లేదు. ఆకలి, జ్వరము, చిన్నపిల్లల మరణము మాత్రమే. ప్రభుత్వము దానిని నిషేధించెను. అయితే ఆయనయు కొన్ని దృశ్యములను కల్పించెను. కొండమీదినుండి జాఱిపడినట్లు చూపిన మేక నిజమునకు తుపాకి దెబ్బకు పడినది; ఆ పొగ తెరపై కనబడును. తమ బ్రదుకును లోకమున కట్లు చూపినందుకు ఆ పల్లెలవారు చిరకాలము నొచ్చుకొనిరి. అందమును మాత్రమే చూపువాడును, దైన్యమును మాత్రమే చూపువాడును తమ కెదుట నున్న మనుష్యుని అడిగి చూపలేదు.

ఆ మనుష్యునకే చూపు నియ్యవలెనని యొక వృద్ధుడు తలచెను. ఆయన పేరు మాన్యుయెల్ బర్తొలొమే కొస్సీయో. లోకము దాదాపు మఱచిన ఎల్ గ్రెకో అను చిత్రకారుని గొప్పతనమును 1908లో గ్రంథరూపమున చాటినవాడు. 1931లో గణతంత్రము ఏర్పడిన కొలది వారములలోనే ప్రభుత్వము ‘బోధనా యాత్రలు’ అను సంస్థను నెలకొల్పి ఆయనను అధ్యక్షునిగా నియమించెను. ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిత్రకారులు పుస్తకముల పెట్టెలను, గ్రామఫోనును, సినిమా యంత్రమును కంచర గాడిదలమీద వేసికొని బండి బాట లేని పల్లెలకు పోయిరి. రాజధానిలోని ప్రాడో చిత్రశాలయందలి మేటి చిత్రములకు నకళ్లు వ్రాయించి పల్లెల యెదుట ప్రదర్శించిరి. ఎవరి పూర్వికులు ఆ దేవాలయములకు రాళ్లు మోసిరో, ఎవరి దున్నిన నేలను చిత్రకారులు చిత్రించిరో, వారు తమ దేశమును తొలిసారి తెరమీద చూచిరి. వాల్ దెల్ ఒమార్ అను ఛాయాగ్రాహకుడు ఆ చూచువారి ముఖములను చిత్రించెను. ఆ కన్నులలోని యాశ్చర్యమును చూచినవారు మఱువలేరు.

యాత్రికులు వెడలిపోవునపుడు ఊరి బడిలో నూఱు పుస్తకముల గ్రంథాలయమును విడిచిపోవుచుండిరి. ఐదేండ్లలో అట్టివి ఐదువేలకు పైగా నేర్పడినవి. పాఠకులలో సగముకంటె నెక్కువమంది పిల్లలే. వలెన్సియా ప్రాంతపు గ్రంథాలయముల పనిని చూచిన మరియా మోలినెర్ అను విదుషి 1937లో చిన్న గ్రంథాలయముల నిర్వహణకు సూచనలు వ్రాసెను. తన పల్లెవారికి చదువు పనికిరాదను గ్రంథపాలకుడు ముందుగా తన యూరివారిని నమ్మవలెనని దాని సారాంశము.

అప్పటికే అంతర్యుద్ధము నడుచుచుండెను. 1936 జూలైలో మొదలై 1939 ఏప్రిల్ 1న ముగిసినది. ఉపాధ్యాయులు అనేకులు చంపబడిరి, అనేకులు ఉద్యోగములు కోల్పోయిరి, అనేకులు దేశాంతరగతులైరి. గ్రంథాలయములలో పెక్కు నశించినవి. మోలినెర్ ఉద్యోగమున తగ్గింపబడి, ఇంటికడ ఏండ్లతరబడి శ్రమించి, 1966–67లో రెండు సంపుటముల స్పానిషు నిఘంటువును వెలువరించెను. చేతిలోని గ్రంథాలయమును లాగికొన్నను ఆమె చేతిలోని మాటను లాగికొనలేకపోయిరి.

సింహముల జలయంత్రమును నేడు యాత్రికులు గుంపులు గుంపులుగా చూచుచున్నారు. దానిని కాపాడినది ఒక పుస్తకము. కాని ఆ నూఱేసి పుస్తకముల పెట్టెలను కాపాడుటకు మఱియొక పుస్తకము రాలేదు. వానిలో పెక్కింటికి పదియేండ్లైన నిండలేదు. ఒక పల్లె గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండుట యెంతటి విశేషమో ఆ చరిత్ర నెఱిగినవారికి తెలియును. రాతికోటకు ప్రభుత్వము కావలి పెట్టును; పుస్తకమునకు చదువరియే కావలి. అరువు పుస్తకమును గడువులోపల తెచ్చియిచ్చి, మఱియొకటి యడుగు పిల్లవాడున్నంతకాలము గ్రంథాలయము నిలుచును.