బండి కమాను కథ



మల్యాల నుండి కొండగట్టుకు ఎడ్లబండిపై పోయినవారికి ఇరుసునకును నడుమునకును గల చుట్టరికమును నేను చెప్పనక్కర లేదు. ఆ కుదుపును తగ్గించుటకే ఆంగ్లేయుడగు ఒబదియా ఇలియట్ 1804లో గుఱ్ఱపు బండ్లకు ఉక్కుపట్టీల కమానులను గూర్చి పేటెంటు పొందెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులు నడప మొదలిడినపుడును కమానులే ఆధారము.

1940ల చివర అమెరికావాడగు ఎర్ల్ మెక్‌ఫర్సన్ చుట్టుస్ప్రింగును, కుదుపు నణచు నూనెగొట్టమును ఒక్క స్తంభముగా గూర్చెను. చక్రమును నిలువబెట్టునదియు, అది తిరుగుటకు ఆధారమగునదియు ఆ స్తంభమే. 1983లో వచ్చిన మారుతి 800 ముందుచక్రములకు నిదియే కలదు. మితవ్యయమునకు మేలైన యుక్తి. కాని భారమంతయు నొక్కదానిపైననే!

కారు నేలకు వంగియుండిన సొగసని తలచు యువకులు కొందఱు, స్ప్రింగు కూర్చుండు పళ్లెమును కోసివైచి, గొట్టముపై మరలుగల తొడుగును దిగవేసి, దానిపై నట్టును త్రిప్పి ఎత్తును మార్చుచున్నారు. కొలత తెలిసినవాడు చేసిన నిలుచును. నేనొక కార్ఖానాలో చూచితిని: సానరాయి పళ్లెముతోపాటు గొట్టమును సైతము లోతుగా గీచెను. దానిపై నల్లరంగు పూసిరి. బ్రేకు వేసినపుడు వంచు బలమంతయు ఆ గొట్టమే మోయవలెను గదా!

“ఎక్కుము తాతా, దింపెదను” అని ఆ పిల్లవాడు పిలిచెను. నేను నడచియే యిల్లు చేరితిని.