గ్రంథాలయం సిద్ధం.. తాళంచెవి విద్యార్థికి అందాలి
డిగ్రీ కళాశాలల్లో ఈ-సేవలు: ఏమున్నాయి, ఎలా పొందాలి?

కొత్తగా రంగులు వేసిన గది. వరుసగా కంప్యూటర్లు. గుమ్మం పైన ‘డిజిటల్ లైబ్రరీ’ అన్న బోర్డు. పల్లె ప్రాంతాల్లోని డిగ్రీ కళాశాలల్లోనూ ఇప్పుడు తరచుగా కనిపించే దృశ్యమిది. ఆ గదికి ఎదురుగా ఉన్న వరండాలోనే చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు నివేదిక కోసం జిరాక్సు కాగితాలు చేతులు మార్చుకుంటూ ఉంటారు. వేల జర్నళ్లు, లక్షల పుస్తకాలు తమ చేతిలోని సెల్‌ఫోన్‌లోనే తెరుచుకుంటాయన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. తెలిసినా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరిని అడగాలో తెలియదు.

గది, కంప్యూటర్లు సౌకర్యం మాత్రమే. విద్యార్థి పేరు నమోదై, పాస్‌వర్డ్ అతని చేతికి అందిన రోజునే అది సేవ అవుతుంది. పుస్తకాలు కొనే స్తోమత లేక కళాశాల గ్రంథాలయం మీదే ఆధారపడే గ్రామీణ విద్యార్థికి ఈ తేడా చాలా పెద్దది. ఈ నేపథ్యంలో కళాశాల గ్రంథాలయాల ద్వారా అందే ఎలక్ట్రానిక్ సేవలు, వాటిని పొందే విధానంపై కథనం.

సొరుగుల నుంచి తెర మీదికి..

పాతికేళ్ల కిందట డిగ్రీ చదివినవారికి కేటలాగు కార్డుల సొరుగులు గుర్తుండే ఉంటాయి. పుస్తకం కావాలంటే గ్రంథకర్త పేరుతోనో, పుస్తకం పేరుతోనో కార్డు వెతికి, నంబరు చీటీ మీద రాసి ఇవ్వాలి. అటెండరు బీరువాలో వెతికి ‘బయటికి వెళ్లింది’ అంటే మళ్లీ మొదటికి రావాలి. ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో చెప్పడానికి పెద్ద రిజిస్టరు తిరగేయాల్సి వచ్చేది.

కంప్యూటరీకరణ జరిగిన గ్రంథాలయంలో ఈ పని నిమిషంలో ముగుస్తుంది. ప్రతి పుస్తకానికి ఇచ్చే ప్రవేశ సంఖ్యను బార్‌కోడ్‌గా అతికిస్తారు. విద్యార్థి గుర్తింపు కార్డు మీదా బార్‌కోడ్ ఉంటుంది. రెండింటినీ స్కాన్ చేస్తే పుస్తకం అతని ఖాతాలో నమోదవుతుంది. ఏ పుస్తకం ఎవరి వద్ద ఉంది, గడువు ఎప్పటికి ముగుస్తుంది అన్న వివరాలు తెర మీద కనిపిస్తాయి. పాఠకుడే స్వయంగా వెతుక్కునేందుకు ఉన్న కంప్యూటర్ కేటలాగును ‘ఓపాక్’ అంటారు. దీన్ని అంతర్జాలానికి అనుసంధానిస్తే పుస్తకం ఉందో లేదో విద్యార్థి ఇంటి నుంచే చూసుకోవచ్చు. ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి బస్సులో వచ్చే విద్యార్థికి ఇది చిన్న వెసులుబాటు కాదు.

ఇందుకు అవసరమైన సాఫ్ట్‌వేర్‌కు భారీగా ఖర్చు చేయనవసరం లేదు. న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ గ్రంథాలయం కోసం రూపొంది 2000లో వాడుకలోకి వచ్చిన ‘కోహా’ ఉచితం. ఆ దేశపు మావోరీ భాషలో ఈ పేరుకు కానుక అని అర్థం. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘సోల్’ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. నేషనల్ ఇన్‌ఫర్మేటిక్స్ సెంటర్ రూపొందించిన ‘ఈ-గ్రంథాలయ’ కూడా ఉంది. అసలు కష్టం పుస్తకాల వివరాలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో ఉంది. ఈ పని సగంలో ఆగితే కేటలాగులో కనిపించని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్లే.

ఎన్-లిస్ట్.. కళాశాలలకు ప్రత్యేకం

విశ్వవిద్యాలయాలు, ఐఐటీలకే పరిమితమైన ఖరీదైన జర్నళ్లను సాధారణ డిగ్రీ కళాశాలలకూ చేర్చాలన్న ఉద్దేశంతో 2010 మేలో ‘ఎన్-లిస్ట్’ పథకం ప్రారంభమైంది. దీన్ని నిర్వహిస్తున్నది ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమే. ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలు స్వల్ప వార్షిక రుసుముతో చేరేలా ఏర్పాటు చేశారు. ఆరు వేలకు పైగా ఈ-జర్నళ్లు, లక్షా తొంభై తొమ్మిది వేలకు పైగా ఈ-పుస్తకాలు ఈ పథకం ద్వారా కళాశాలలకు చేరాయి. అర్థశాస్త్ర విద్యార్థులకు ఉపకరించే ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’, రసాయనశాస్త్ర విద్యార్థులకు పనికివచ్చే రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ప్రచురణల వంటివి ఇందులో చోటు చేసుకున్నాయి.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. కళాశాల చేరినంత మాత్రాన విద్యార్థికి ప్రవేశం దొరకదు. కళాశాల తరఫున బాధ్యుడిగా ఉన్న గ్రంథపాలకుడు ఒక్కొక్క విద్యార్థి పేరు, ఈ-మెయిల్ చిరునామా నమోదు చేయాలి. అప్పుడే ఎవరి యూజర్ ఐడీ వారికి వస్తుంది. ఆ తర్వాత కళాశాలలోనే కూర్చోవాల్సిన పని లేదు. ఇంటి నుంచైనా, వసతిగృహం నుంచైనా చదువుకోవచ్చు. కానీ చాలాచోట్ల గొలుసు తెగుతున్నది ఇక్కడే. ఈ-మెయిల్ చిరునామా లేనివారు కొందరు, ఇచ్చిన చిరునామా మరచిపోయినవారు కొందరు. గ్రంథపాలకుడి పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలలో అదనపు బాధ్యతగా చూసే అధ్యాపకుడికి నమోదు చేసే తీరిక ఉండదు.

‘ఒకే దేశం - ఒకే చందా’

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి రూ.6 వేల కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13 వేల ఈ-జర్నళ్లను 6,300కు పైగా సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు అందుబాటులోకి తేవడం లక్ష్యం. 2025 జనవరి 1 నుంచి అమలు మొదలైంది. సమన్వయ బాధ్యతను ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికే అప్పగించారు.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలను ఉద్దేశించి ఈ పథకాన్ని ప్రకటించారు. ప్రైవేటు కళాశాలల విద్యార్థులు తమ కళాశాలకు ఏ సేవ వర్తిస్తుందో గ్రంథపాలకుడిని అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ కళాశాల అయినా ముందుగా పథకం పోర్టల్‌లో నమోదు కావాల్సిందే.

అందరికీ ఉచితంగా..

కళాశాల చందాతో నిమిత్తం లేకుండా ఎవరైనా వాడుకోదగిన సేవలూ ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పుర్ అభివృద్ధి చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. పాఠశాల స్థాయి నుంచి పరిశోధన స్థాయి వరకు పుస్తకాలు, దృశ్యపాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకేచోట వెతకడానికి ఇది ఉపయోగపడుతుంది. సభ్యత్వానికి రుసుము లేదు. సెల్‌ఫోన్ యాప్ కూడా ఉంది.

పరిశోధన గ్రంథాలకు ‘శోధ్‌గంగ’ పెద్ద నిలయం. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలను ఎలక్ట్రానిక్ రూపంలోనూ సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. వాటిని భద్రపరిచి అందరికీ ఉచితంగా చూపే వేదిక ఇది. తెలుగు సాహిత్యంపై తెలుగులోనే రాసిన వ్యాసాలూ ఇందులో దొరుకుతాయి. తమ ప్రాంత చరిత్రపైనో, జానపద కళలపైనో ప్రాజెక్టు చేసే విద్యార్థి మొదట వెతకాల్సింది ఇక్కడే. అయితే అందులోని పేజీలను యథాతథంగా ఎత్తి రాస్తే అది చౌర్యమే. చదివి, సొంత మాటల్లో రాసి, ఎవరి నుంచి తీసుకున్నదీ పేర్కొనాలి.

‘స్వయం’ వేదిక 2017 జులై 9న ప్రారంభమైంది. పాఠాలు వినడం ఉచితం. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము చెల్లించాలి. ఒక సెమిస్టర్‌లో అందించే కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేసి క్రెడిట్లు పొందే వెసులుబాటును కళాశాలలకు యూజీసీ 2021లో కల్పించింది. దీన్ని ఎంతవరకు అమలుచేస్తున్నదీ ఆయా విశ్వవిద్యాలయాల వద్ద తెలుసుకోవాలి.

తెలుగు పుస్తకాల మాటేమిటి?

ఈ-జర్నళ్లలో అత్యధికం ఆంగ్లంలోనే ఉన్నాయి. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇదే మొదటి అడ్డంకి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చడంతో ఈ ఇబ్బంది మరింత పెరిగింది. లాగిన్ ఇచ్చి వదిలేయకుండా వ్యాసాన్ని ఎలా వెతకాలి, సారాంశం చూసి అవసరమా కాదా ఎలా తేల్చుకోవాలి అన్నది అధ్యాపకులు దగ్గరుండి చూపించాలి. తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతికి చూపే ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటు మాటల అర్థాలకు అక్కరకొస్తుంది.

పాత తెలుగు పుస్తకాల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులమే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలోకి మార్చే పథకం మొదలైంది. అందులో భాగంగా ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పేరిట మన దేశంలో వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. ఆ వెబ్‌సైటు తర్వాత నిలిచిపోయినా, ఆ పుస్తకాల ప్రతులు ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లో దొరుకుతున్నాయి. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద కార్యకర్తలు పాత గ్రంథాలను అక్షరరూపంలోకి మారుస్తున్నారు. అలా మారిన పుస్తకంలో ఒక్క మాట టైపు చేసినా అది ఏ పేజీలో ఉన్నదీ తెలుస్తుంది.

కొత్త పుస్తకాలు అలా ఎందుకు దొరకవన్న సందేహం సహజం. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. ఆ గడువు దాటినవి, హక్కుదారులు అనుమతించినవి మాత్రమే ఉచితంగా పెట్టాలి. అందుకే ఈ-సేవలు ఎన్ని వచ్చినా పాఠ్యపుస్తకాల బీరువాకు, పుస్తక నిధికి కాలం చెల్లదు.

చూపు లేనివారికి ఆసరా

కొత్త సౌకర్యాల్లో అంతగా చర్చకు రానిది దృష్టిలోపం ఉన్న విద్యార్థులకు సంబంధించినది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ‘ఎన్‌వీడీఏ’ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక కంప్యూటర్, చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్ ఉంటే చాలు, ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయవచ్చు. వీరి కోసం 2016 ఆగస్టులో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. సాధారణ ముద్రణను చదవలేనివారు సభ్యులుగా చేరి, తాము చదువుకోగల రూపంలో పుస్తకాలు తెచ్చుకోవచ్చు. ఇలాంటి విద్యార్థి కళాశాలలో ఒక్కరున్నా ఈ ఏర్పాటు చేయడం ధర్మం.

లెక్క చూపడానికి కాదు..

కళాశాలలకు నాక్ గుర్తింపు ఇచ్చేటప్పుడు గ్రంథాలయ కంప్యూటరీకరణ, ఈ-వనరుల చందా, రోజువారీ వినియోగం వంటివి పరిశీలిస్తూ వచ్చారు. దీనివల్ల సౌకర్యాలు పెరిగిన మాట నిజం. బృందం వచ్చే ముందు గది మెరిసి, వెళ్లాక తాళం పడే సందర్భాలూ లేకపోలేదు. కరెంటు పోతే యూపీఎస్ పనిచేయక, నెట్ బిల్లు కట్టక మూలపడిన కంప్యూటర్లను పలుచోట్ల చూడవచ్చు.

తెలుగు నేలకు గ్రంథాలయోద్యమ చరిత్ర ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో విజయవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభకు అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పూనుకున్నారు. పుస్తకం ఉన్నచోటికి పాఠకుడు రావడం కాదు, పాఠకుడు ఉన్నచోటికే పుస్తకం వెళ్లాలన్నది ఆనాటివారి పట్టుదల. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో మొదటిది కూడా పుస్తకాలు వాడుకోవడానికే అన్నది. నాడు పుస్తకాలను బీరువాల్లో బంధించడం తప్పయితే, నేడు వాటిని పాస్‌వర్డ్ వెనుక బంధించడమూ తప్పే.

విద్యార్థులు చేయాల్సింది..

* కళాశాలలో చేరిన వారంలోనే సొంత ఈ-మెయిల్ చిరునామా తెరిచి, పాస్‌వర్డ్‌ను నోటుపుస్తకంలో భద్రపరచుకోవాలి.
* కళాశాల ఎన్-లిస్ట్‌లో గానీ, ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’లో గానీ నమోదై ఉందా అని గ్రంథపాలకుడిని అడగాలి. ఉంటే తన పేరు చేర్పించుకోవాలి.
* నేషనల్ డిజిటల్ లైబ్రరీలో సొంతంగా సభ్యత్వం తీసుకోవచ్చు. ఇందుకు కళాశాల అనుమతి అవసరం లేదు.
* సెల్‌ఫోన్‌లో డేటా తక్కువగా ఉన్నవారు కళాశాల కంప్యూటర్‌లో వ్యాసాలను దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లడం మేలు. చందా జర్నళ్లను గంపగుత్తగా దించడం నిబంధనలకు విరుద్ధం. అవసరమైన వ్యాసాలు మాత్రమే తీసుకోవాలి.
* లాగిన్ వివరాలు ఇతరులకు ఇవ్వరాదు. దుర్వినియోగమైతే కళాశాల మొత్తానికి సేవ నిలిచిపోయే ప్రమాదం ఉంది.

కళాశాలలు చేయాల్సింది..

* ప్రవేశాలు పూర్తయిన వెంటనే తరగతుల వారీగా పేర్లు సేకరించి నమోదు చేయాలి. చివరి సంవత్సరం దాకా ఆగితే విద్యార్థి వెళ్లిపోయే నాటికి లాగిన్ వస్తుంది.
* ఏటా తొలి సెమిస్టర్‌లో ఒక పూట గ్రంథాలయ పరిచయ తరగతి పెట్టాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలను ఉపన్యాసాలతో సరిపెట్టకుండా లాగిన్ల నమోదుకు వాడుకోవచ్చు.
* డిజిటల్ గదిని తరగతులు ముగిశాక కూడా కొంతసేపు తెరిచి ఉంచాలి. బస్సు వేళలు చూసి సమయం నిర్ణయిస్తే పల్లెల నుంచి వచ్చే విద్యార్థినులకు మేలు.

ఇందులో చాలావరకు పైసా ఖర్చు లేని పనులే. పుస్తకాలకు ప్రభుత్వం చందా కట్టింది, గది సిద్ధమైంది. విద్యార్థి పేరు నమోదు చేయడమే మిగిలింది.